ఎనిమిదో వంతు వైపీ

అనంతపురానికి ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రానికి పేరూ ఉనికీ చెరువు వల్లనే వచ్చాయి. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 14వ శతాబ్దంలో పండమేరుకు అడ్డుకట్ట వేయించి కట్టించాడని చెప్పే ఈ చెరువుకు సమీపంగా, ఐదు శతాబ్దాలు గడిచాక, గుంతకల్లు నుంచి అనంతపురం, ధర్మవరం మీదుగా బెంగుళూరు వైపు మీటర్‌గేజ్ రైలుమార్గం సాగింది. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు ఉండే దారికి మీటర్‌గేజ్ అని పేరు. 1980లలో ఆ దారి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌గా మారింది. పదిపదిహేనేళ్ళలో దేశమంతటా ఆవిరి ఇంజన్లే మూలపడ్డాయి. స్వాతంత్ర్యం తరువాత మీటర్‌గేజ్ ప్రయాణికుల బండ్ల కోసం రూపొందిన వైపీ తరగతి ఇంజన్లు, మొదట అమెరికాలోని బాల్డ్‌విన్ కర్మాగారంలోనూ తరువాత ఎక్కువగా జంషెడ్‌పూర్‌లోని టెల్కోలోనూ తయారైనవి, మొత్తం 871. అటువంటి ఇంజనును ఎనిమిదో వంతుకు కుదించి, బొగ్గు వేసి, నిజమైన ఆవిరితో నడిపించాలంటే ఏమేమి అడ్డుపడతాయో చూస్తే, నమూనా ఇంజను అనే యంత్రపు చరిత్రంతా అందులో కనిపిస్తుంది.

నమూనా అంటే అసలును చూసి తరువాత చేసే బొమ్మ అని సాధారణ అభిప్రాయం. ఆవిరి బండి విషయంలో ఈ వరుస తలకిందులైంది. పట్టాల మీద ఆవిరి బండి పరుగెత్తడానికి ఇరవై ఏళ్ళ ముందే, 1784లో, విలియం మర్డాక్ ఇంగ్లండులోని రెడ్రూత్‌లో మూడు చక్రాల ఆవిరి బండి నమూనాను నడిపించాడు. 1804లో తొలిసారి పట్టాలపై ఆవిరి ఇంజనుతో బండ్లు లాగించిన రిచర్డ్ ట్రెవితిక్ కూడా అంతకు కొన్నేళ్ళ ముందు నమూనాలు చేసి చూసుకున్నవాడే. వీటికన్నా ముఖ్యమైన నమూనా ఒకటి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉండేది. గనుల్లో నీరు తోడే న్యూకొమెన్ ఇంజనుకు అది చిన్న ప్రతి. సిలిండరు వ్యాసం రెండంగుళాలు, పిస్టను కదిలే దూరం ఆరంగుళాలు. 1763–64 ప్రాంతంలో దాన్ని బాగుచేయమని జేమ్స్ వాట్‌కు అప్పగించారు. లోపాలన్నీ సరిచేసినా అది నాలుగైదు ఊపులు ఊగి ఆగిపోయేది, ఎందుకంటే బాయిలరు పుట్టించిన ఆవిరిలో ఎక్కువ భాగం చల్లటి సిలిండరు గోడలను వేడి చేయడానికే ఖర్చైపోయేది. పెద్ద ఇంజన్లలోనూ ఆ నష్టం ఉంది గాని, అక్కడ గనిలో బొగ్గు చవక గనుక ఎవరికీ పట్టలేదు. నమూనాలో అదే నష్టం అనేక రెట్లై యంత్రాన్ని ఆపేసింది. సిలిండరును ఎప్పుడూ వేడిగా ఉంచి, వాడిన ఆవిరిని వేరే పాత్రలో చల్లబరచాలన్న ఆలోచన 1765లో వాట్‌కు దాని వల్లనే తట్టింది. పారిశ్రామిక విప్లవానికి మూలమైన ఆవిష్కరణకు, పనిచేయని ఒక చిన్న నమూనా కారణమైందన్న మాట.

నమూనాలో నష్టం ఎందుకు పెరిగిందో చెప్పే సూత్రం అంతకు శతాబ్దం ముందే, 1638లో, గెలీలియో గ్రంథంలో ఉంది. ఏ వస్తువునైనా అన్ని దిశలలోనూ ఎనిమిదో వంతుకు కుదిస్తే దాని ఉపరితలం అరవై నాలుగో వంతుకు తగ్గుతుంది, ఘనపరిమాణమూ బరువూ అయిదువందల పన్నెండో వంతుకు తగ్గుతాయి. లోపల పట్టే ఆవిరితో పోలిస్తే, వేడిని బయటికి పోనిచ్చే గోడ ఎనిమిది రెట్లు ఎక్కువైపోతుంది. కుండెడు టీ కన్నా గ్లాసెడు టీ ముందే చల్లారడం ఇందువల్లనే. కుదించే పనిలో కొలతలు మాత్రమే తయారీదారు చేతిలో ఉంటాయి. వేడి, గురుత్వం, నీటి తలతన్యత, గాలి, బొగ్గు మంట ఆయన మాట వినవు.

ఈ సంగతి తెలియని రోజుల్లో, తెలిసినా లెక్కచేయని రోజుల్లో, ఆవిరి ఇంజన్లు బొమ్మలుగానే బతికాయి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో స్పిరిట్ దీపంతో నడిచే ఇత్తడి బొమ్మలు అమ్ముడయ్యేవి. తివాచీ మీద నీళ్ళూ నూనే కారుస్తూ పోతాయి గనుక వాటిని ‘బర్మింగ్‌హామ్ డ్రిబ్లర్లు’ అనేవారు. జర్మనీలోని మెర్‌క్లిన్ సంస్థ 1891లో పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టి ప్రమాణాలు ఏర్పరచింది. లండనులో 1898లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలయ్యాక ఇంట్లో లేత్ యంత్రం పెట్టుకుని సొంతంగా చేసుకునేవారు పెరిగారు. అయినా చిన్న బాయిలరులో బొగ్గు మండదని, స్పిరిట్ దీపమే గతి అని పెద్దలు చెప్పే మాటే 1920ల వరకు చెల్లింది. దాన్ని ‘ఎల్‌బీఎస్‌సీ’ అన్న కలంపేరుతో రాసే కర్లీ లారెన్స్ తోసిపుచ్చాడు. పట్టాల మధ్య రెండున్నర అంగుళాలే ఉన్న ‘అయేషా’ అనే తన ఇంజనులో బొగ్గు వేసి, తాను వెనక కూర్చుని లాగించుకుని చూపించాడు. అరచేతి వెడల్పు కూడా లేని పట్టాల మీద నిండు మనిషిని లాగిన ఆ ఇంజనుతో, నమూనా అంటే అసలుకు చిన్న ప్రతి అన్న భావన పోయి, ఆ పరిమాణానికి తగ్గట్టు మళ్ళీ రూపకల్పన చేయవలసిన వేరే యంత్రమన్న అవగాహన స్థిరపడింది.

ఇక వైపీ సంగతి. నమూనాకారులు ఎక్కువగా వాడే దారుల్లో అయిదంగుళాలది, అంటే 127 మిల్లీమీటర్లది, ఒకటి. మీటరును 127 మిల్లీమీటర్లకు కుదిస్తే దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. బ్రిటిషు వారి 1435 మిల్లీమీటర్ల దారికి ఇదే పట్టా పదకొండో వంతుకు వస్తుంది కనుక, అసలు రూపంలో చిన్నదనిపించుకున్న మీటర్‌గేజ్ ఇంజను నమూనాలోకి వచ్చేసరికి బ్రిటిషు ఇంజన్ల కన్నా పెద్ద శరీరంతో నిలబడుతుంది. 1372 మిల్లీమీటర్ల చోదక చక్రం, అంటే పిస్టను తిప్పే పెద్ద చక్రం, 171 మిల్లీమీటర్లవుతుంది. 387 మిల్లీమీటర్ల సిలిండరు వ్యాసం 48కి దిగుతుంది.

లెక్క ఇంతవరకు సులువే. అసలు వైపీ చదరపు సెంటీమీటరుకు 14.8 కిలోల ఆవిరి పీడనంతో 8,370 కిలోల లాగుడు బలాన్ని ఇస్తుంది. బలం పిస్టను వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక అదే పీడనం పెడితే నమూనాకు అరవై నాలుగో వంతు, అంటే 131 కిలోలు, రావాలి. అయితే చక్రం పట్టాను పట్టుకోవడం ఇంజను బరువును బట్టి ఉంటుంది, ఆ బరువు 512వ వంతుకు పడిపోయింది. అసలు ఇంజనులో ఒక్కొక్క చోదక ఇరుసు మీద పడే సుమారు పదిన్నర టన్నులు నమూనాలో ఇరవై కిలోలే. మూడు ఇరుసులకూ కలిపి అరవై చిల్లర. అందులో నాలుగో వంతు పట్టు దొరుకుతుందనుకుంటే పదిహేను కిలోలకు మించి లాగబోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే నమూనాలలో పీడనం 5.6 కిలోల ప్రాంతంలో ఉంచుతారు, అప్పటికీ సిలిండరు బలం పట్టుకు మూడింతలుంటుంది కనుక ఆవిరిని వదిలే రెగ్యులేటరును బహు నెమ్మదిగా తెరుస్తారు. ఆ పదిహేను కిలోలు తక్కువేమీ కాదు. బాల్‌బేరింగుల మీద నడిచే బండ్లు సమతలంలో తమ బరువులో ఒకటి రెండు శాతం మాత్రమే ప్రతిఘటిస్తాయి గనుక పదిమంది పెద్దవాళ్ళను ఆ ఇంజను అవలీలగా లాగుతుంది.

బాయిలరు దగ్గర కుదింపు పూర్తిగా చేతులెత్తేస్తుంది. మంటగది నుంచి వేడి వాయువులను నీటి గుండా తీసుకుపోయే పొగగొట్టాలు అసలు ఇంజనులో సుమారు రెండంగుళాలుంటాయి. వాటిని ఎనిమిదో వంతు చేస్తే ఆరు మిల్లీమీటర్ల గొట్టంలో గాలి ఆడదు, బూడిద ఇరుక్కుంటుంది. గొట్టం పొడవును దాని లోపలి వ్యాసపు వర్గంతో, రెండూ అంగుళాలలో, భాగిస్తే 50కీ 70కీ మధ్య రావాలన్నది అనుభవం మీద ఏర్పడిన సూత్రం. దాని ప్రకారం 24 అంగుళాల గొట్టానికి 16 మిల్లీమీటర్ల వ్యాసం కావాలి. కనుక గొట్టాల సంఖ్య తగ్గించి లావు పెంచుతారు. బయటి నుంచి చూసేవారికి ఈ మార్పు కనిపించదు.

ఉక్కుకు బదులు రాగి వాడతారు. రాగి రేకును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. దాన్ని ఇనుప అచ్చు మీద సుత్తితో కొట్టి అంచులు మడుస్తారు, కొడుతూ ఉంటే రాగి మళ్ళీ బిరుసెక్కుతుంది, మళ్ళీ కాలుస్తారు. అతుకులకు కంసాలులెరిగిన వెలిగారం పూసి వెండి కలిసిన టంకం పారిస్తారు. రాగి వేడిని క్షణంలో అంతటా పంచేస్తుంది గనుక అతుకు ఒక్కటే వేడెక్కదు, బాయిలరంతా ఎర్రబడితే గాని టంకం పారదు. అందువల్ల మొదటి అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, చివరి వాటికి తక్కువ వేడికి కరిగేది వాడతారు, లేకపోతే కొత్త అతుకు వేస్తుండగా పాతది ఊడివస్తుంది. పూర్తయిన బాయిలరును చన్నీళ్ళతో అంచులదాకా నింపి, పనిచేసే పీడనానికి రెట్టింపు పీడనం చేతిపంపుతో ఎక్కించి పరీక్షిస్తారు. ఆవిరితో చేస్తే ప్రాణాపాయం. నీరు నొక్కుకుపోదు గనుక అతుకు విచ్చినా నాలుగు చుక్కలు కారి ఆగుతుంది.

బాయిలరులో నీరెంత ఉందో చూపే గాజు గొట్టం మరో మోసగాడు. మూడు మిల్లీమీటర్ల గొట్టంలో తలతన్యత వల్ల చల్లటి నీరు తనంత తానే దాదాపు సెంటీమీటరు పైకి పాకుతుంది. మంటగది కప్పు మీద ఉండవలసిన నీటి లోతే చిన్న ఇంజనులో అంతంతమాత్రం కనుక, సన్నటి గాజును నమ్మి నీరుందనుకుంటే కప్పు ఎండి కరిగే ప్రమాదముంది. అందుకే గాజు గొట్టాన్ని కొలత ప్రకారం ఉండవలసిన దానికన్నా లావుగానే పెడతారు.

నీటి గుణం సంగతి అనంతపురం ప్రాంతానికి మరీ దగ్గరిది. గట్టి రాళ్ళ పొరల్లోంచి తోడిన బోరునీళ్ళు చాలాచోట్ల కఠినజలాలు; వేడెక్కగానే అందులో కరిగి ఉన్న బైకార్బొనేట్లు విడిపోయి కాల్షియం కార్బొనేటు గారలాగా గొట్టాలకు పట్టుకుంటుంది. రాగితో పోలిస్తే ఆ గార వేడిని ఎంతో తక్కువగా పోనిస్తుంది. పెద్ద ఇంజన్లకూ ఈ బాధ ఉండేది, అందుకే షెడ్లలో బాయిలర్లను క్రమం తప్పక కడిగేవారు. నమూనాలో మిల్లీమీటరు గార మిల్లీమీటరుగానే ఉంటుంది, ఎనిమిదో వంతు కాదు. ఒకటి రెండు సెంటీమీటర్లున్న సందును అది వేగంగా పూడ్చేస్తుంది. చిన్న బాయిలర్లకు శ్రేష్ఠమైనది ఇంటికప్పు మీద పట్టిన వాననీరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానపడే జిల్లాలో దాన్ని రైలింజనుకు పోయడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోవడం వేరే సమస్య.

ఇంతకన్నా చిన్న కొలతల్లో బొగ్గు మండించడం వదిలి విద్యుత్ మోటారును లోపల దాచడం ఆనవాయితీ. ప్రపంచమంతా ఎక్కువగా వాడే హెచ్‌ఓ కొలత 87వ వంతు. దాని పట్టా 16.5 మిల్లీమీటర్లు, 1435 దారికి సరిపోయేది. భారతీయ బ్రాడ్‌గేజ్‌కు 19.3 కావాలి కనుక బజారులో దొరికే పట్టా మీద నిలిపిన మన బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను డబ్ల్యూపీ కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నట్టుంటుంది. మీటర్‌గేజ్‌కు కావలసింది 11.5, దొరికేది 12; అర మిల్లీమీటరు తేడాను కన్ను పట్టుకోలేదు.

పెట్టెల పని ఇంకా ఓపిక కోరుతుంది. పాత తరహా బ్రాడ్‌గేజ్ పెట్టెకు రెండు పక్కలా రెండు బఫర్లుంటే మీటర్‌గేజ్ పెట్టెకు మధ్యలో ఒక్కటే ఉంటుంది, పెట్టెలను కలిపే కొక్కెం కూడా దానిలోనే. ఇరవై మిల్లీమీటర్ల రివెట్టు తల 87వ వంతులో పావు మిల్లీమీటరు కూడా ఉండదు. పలుచటి ఇత్తడి రేకును వెనకవైపు నుంచి సూదిమొనతో ఒత్తి దాన్ని లేపుతారు. మన పెట్టెల కిటికీలకుండే అడ్డకడ్డీలను కత్తిరించడం అసాధ్యం కనుక, వాటి ఆకారాన్ని కాంతితో రేకుపై అచ్చువేసి మిగిలిన లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడుతో కరిగించి తీస్తారు. రంగు కూడా డబ్బాలో ఉన్నదున్నట్టు పనికిరాదు: దూరం నుంచి చూసే పెట్టెకూ కంటికీ మధ్య గాలి రంగును వెలవెలబోయేట్టు చేస్తుంది, బల్ల మీది నమూనాకు ఆ గాలి లేదు గనుక ముదురెరుపులో కాస్త తెలుపు కలుపుతారు.

చివరిది బరువు. ముప్ఫై టన్నుల పెట్టె 87వ వంతులో 45 గ్రాములు తూగాలి. అంత తేలికైనది వంపుల్లో పట్టా తప్పుతుంది. అమెరికా నమూనా రైల్వే సంఘపు సిఫారసు ప్రకారం పందొమ్మిది మీటర్ల పెట్టె నమూనాకు 150 గ్రాములుండాలి. తక్కువైన వంద గ్రాములనూ సీసపు రేకు ముక్కలుగా కోసి, చక్రాల బోగీలకు సరిగ్గా పైన, కిటికీల్లోంచి కనబడకుండా పెట్టె నేలకు అతికిస్తారు.