కోటు కింద తుపాకి

డాలస్ దగ్గర చిన్న దుకాణం నడుపుకుంటున్న ఒక తెలుగు విశ్వాసి ఈమధ్య మాకు ఫోన్ చేశారు. ‘‘అయ్యగారూ, మా సంఘంలో భద్రతా బృందం వేస్తున్నారు. కోటు కింద తుపాకి పెట్టుకుని తలుపు దగ్గర కూర్చోమంటున్నారు. కూర్చోవచ్చా?’’ అని అడిగారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మన ఊళ్లలో మందిరానికి వెళ్తూ చెప్పులెక్కడ విడవాలా అని ఆలోచిస్తాం గాని తుపాకి ఊసే రాదు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2017 నవంబరు 5 ఆదివారం, అదే టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ బాప్టిస్టు మందిరంలో 26 ప్రాణాలు పోయాయి, తల్లి గర్భంలోని బిడ్డతో కలిపి. 2019 డిసెంబరు 29న ఫోర్ట్‌వర్త్ పక్కనున్న వైట్ సెటిల్‌మెంట్‌లో ఆరాధన జరుగుతుండగానే ఒకడు ఇద్దరిని కాల్చి చంపాడు. సంఘ భద్రతా బృందంలోని సభ్యుడొకరు క్షణాల్లో వాణ్ని కాల్చారు. లేకుంటే ఇంకెందరు పోయేవారో! 2021 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని వారు లైసెన్సు లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకోవచ్చు. ఈ సహోదరునికి అక్కడి పౌరసత్వం ఉంది గనుక చట్టం అడ్డు రాదు. (విద్యార్థి వీసా మీదో, హెచ్-1బి మీదో వెళ్లిన మన పిల్లల సంగతి వేరు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వారు తుపాకి కలిగి ఉండడమే అక్కడ నేరం. ఇది వారికి తప్పక చెప్పండి.)

బైబిలు తెరిస్తే ఇద్దరు భక్తులు కనబడతారు. యెరూషలేముకు బయలుదేరిన ఎజ్రా, రాజును సైనికుల కోసం అడగడానికి సిగ్గుపడ్డాడు. ఉపవాసముండి, వెండి బంగారాలతో, పిల్లాపాపలతో దారి పట్టాడు (ఎజ్రా 8). నెహెమ్యా మాత్రం రాజు పంపిన రౌతులను వెంటబెట్టుకునే వచ్చాడు. గోడ కట్టేవారి నడుములకు కత్తులుండేవి (నెహెమ్యా 4). దేవుడు ఇద్దరికీ తోడుగా ఉన్నాడు. ఎజ్రాను మూర్ఖుడనీ, నెహెమ్యాను అవిశ్వాసి అనీ మనం అనగలమా?

ధర్మశాస్త్రం మరీ సూక్ష్మంగా చూసింది. రాత్రి కన్నం వేసే దొంగ దెబ్బతిని చస్తే కొట్టినవాడిపై రక్తాపరాధం లేదు. సూర్యుడు ఉదయించాక అయితే ఉంది (నిర్గమ 22). అంటే ఇంటివాడి ప్రాణంతోపాటు దొంగ ప్రాణానికీ దేవుని దగ్గర లెక్క ఉంది. తుపాకి తీసే క్షణంలో ఎంతమందికి ఇది గుర్తుంటుంది?

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం పేతురే. గెత్సేమనేలో ప్రార్థన చేయమంటే నిద్రపోయాడు. లేచీ లేవగానే కత్తి దూశాడు. తెగింది ఎవరి చెవి? ప్రధాన యాజకుని దాసుడైన మల్కుది. యేసుప్రభువు ఆ చెవిని బాగుచేశాడు గాని, మన తూటాను ఎవరు వెనక్కి తెస్తారు? ఆ రాత్రే ప్రభువు కత్తి కొనుక్కోమన్నాడు కదా అని ఆ సహోదరుడు అన్నారు (లూకా 22). నిజమే. అయితే రెండు కత్తులు చూపగానే చాలన్నాడు. పదకొండు మందికి రెండు కత్తులు ఏ యుద్ధానికి సరిపోతాయి?

చార్లెస్టన్‌లోని ఇమ్మానుయేల్ సంఘం సంగతి కూడా ఆయనతో మాట్లాడాము. 2015 జూన్ 17న బైబిలు స్టడీకి వచ్చిన అపరిచితుణ్ని ఆదరించి కూర్చోబెట్టుకున్నారు. సుమారు గంట తరువాత వాడు పాస్టరుగారితో సహా తొమ్మిది మందిని చంపాడు. రెండు రోజులకే మృతుల బంధువుల్లో కొందరు కోర్టులో వాణ్ని క్షమిస్తున్నామన్నారు. ఆ తలుపు దగ్గర తుపాకి ఉంటే ఆ తొమ్మిది మంది బతికేవారేమో. మరి కొత్తగా వచ్చే ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూసే సంఘం ఎవరిని చేర్చుకుంటుంది?

తుపాకి పెట్టుకోవడం పాపమని మేము చెప్పలేదు. కొన్ని ప్రశ్నలు మాత్రం అడిగాము. మీకు కోపం త్వరగా వస్తుందా? ఇంట్లో పిల్లలకు అందకుండా దాన్ని ఎక్కడ దాస్తారు? ఇంట్లో ఎవరైనా కుంగుదలలో ఉన్నారా? అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. చివరి ప్రశ్నకు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మేమూ గుచ్చి అడగలేదు.

పోయిన వారం మళ్లీ ఫోన్ చేశారు. మందిరం తలుపు దగ్గర కూర్చుంటున్నారట, తుపాకి లేకుండా. వచ్చేవారికి చేయి కలిపి పాటల పుస్తకం ఇస్తున్నారు. తుపాకి బాధ్యత ఒక రిటైర్డు పోలీసు అధికారి తీసుకున్నారు. దుకాణం విషయం మాత్రం ఇంకా తేల్చుకోలేదన్నారు. రాత్రి షాపు మూసి కారు దాకా నడిచేంతసేపూ ఆయన భార్య ఫోన్ లైన్లోనే ఉంటారట.