వీధి మూలలకు కొత్త కళ తెచ్చిన అజ్ఞాత హస్తాలు

బెంగళూరు: ఉద్యాన నగరమన్న ఖ్యాతి ఈ నగరానికి ఊరకే రాలేదు. 1760లో హైదర్ అలీ లాల్‌బాగ్‌కు అంకురార్పణ చేయగా, టిప్పు సుల్తాన్ దానిని విస్తరింపజేశాడు. ఆ తర్వాత శతాబ్దానికి కబ్బన్ పార్కు వెలసింది. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా లాల్‌బాగ్ గాజు మందిరంలో జరిగే పుష్ప ప్రదర్శనలను తిలకించేందుకు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా సందర్శకులు తరలివస్తారు. వీరిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. అయితే ఆ తోటల ప్రహరీలు దాటి నాలుగడుగులు వేస్తే కనిపించే దృశ్యం వేరు. మలుపు మలుపునా చెత్త కుప్పలు, తాంబూలపు మరకలతో ఎర్రబడిన గోడలు, పలకలు ఊడిన కాలిబాటలు.

ఈ వైరుధ్యాన్ని తొలగించేందుకు 2010లో కొందరు నగరవాసులు పూనుకున్నారు. సభ పెట్టలేదు, విజ్ఞాపన పత్రం ఇవ్వలేదు. చీపుర్లు, పారలు, రంగుల డబ్బాలు, పూలకుండీలు పట్టుకొని నగర నడిబొడ్డున ఉన్న చర్చి స్ట్రీట్‌లో పని ప్రారంభించారు. తమకు తాము పెట్టుకున్న పేరు 'ది అగ్లీ ఇండియన్'. అంటే వికారమైన భారతీయుడు. వీధి పాడయిందంటే తప్పు ఎవరో పరాయివారిది కాదు, మనందరిదీ అన్న అంగీకారం ఆ పేరులోనే ఉంది.

మాట తక్కువ, పని ఎక్కువ

వీరి విధానంలో ప్రధానమైనది అజ్ఞాతత్వం. నాయకుడు ఎవరో, సభ్యులు ఎవరో వెల్లడించరు. 'కామ్ చాలూ, ముహ్ బంద్' అన్నది వీరి నినాదం. పని సాగనీ, నోరు మూసుకో అని దాని భావం. ఉపన్యాసాలు, ఆందోళనలు, ధర్మాగ్రహం తమకు అక్కరలేదన్నది వీరి వైఖరి. 2014లో ఒక బహిరంగ ప్రసంగ వేదికపైకి వచ్చిన వీరి ప్రతినిధి ముఖానికి ముసుగు ధరించే మాట్లాడడం గమనార్హం. భారతదేశం ఇంత అపరిశుభ్రంగా ఎందుకుంది అన్నదే ఆ ప్రసంగ విషయం.

ఒక స్థలాన్ని ఎంచుకున్న తర్వాత వీరు మొదట చేసే పని ఊడ్వడం కాదు, పరిశీలించడం. చెత్త అక్కడికే ఎందుకు చేరుతున్నది? వేస్తున్నది ఇరుగు పొరుగు ఇళ్లవారా, దుకాణదారులా? పారిశుద్ధ్య కార్మికుల బండి ఏ వేళకు వస్తున్నది? ఇవన్నీ తెలిసిన తర్వాతే పని మొదలవుతుంది. కుప్పను ఎత్తివేస్తారు, గోడకు రంగు వేస్తారు, ఊడిన పలకలను సరిచేస్తారు, మొక్కలు పెడతారు. గోడ అడుగు భాగానికి ముదురు ఎరుపు రంగు పూయడం వీరి ప్రత్యేకత. మట్టి చిందినా, ఎవరైనా ఉమ్మినా మరక కొట్టవచ్చినట్లు కనపడదు. మరక కనపడని చోట మరో మరక వేసేందుకు మనిషి కొంత సంకోచిస్తాడన్నది వీరి అంచనా.

ఈ ఆలోచనకు శాస్త్ర చర్చలోనూ మూలాలు ఉన్నాయి. పగిలిన కిటికీని బాగుచేయక వదిలేస్తే ఆ భవనానికి దిక్కులేదన్న సంకేతం అందరికీ అందుతుందని, దానితో మిగిలిన కిటికీలు కూడా పగులుతాయని 1982లో అమెరికాకు చెందిన జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ ప్రతిపాదించారు. నేరాల నివారణ విషయంలో ఆ సిద్ధాంతంపై తర్వాత తీవ్ర విమర్శలు వచ్చాయి. కానీ చెత్త కుప్ప దగ్గర అది ఎలా పనిచేస్తుందో మన పట్టణాల్లో నివసించే ప్రతివారికీ అనుభవమే. ఒక సంచి పడిన చోట తెల్లవారేసరికి పది సంచులు పడతాయి.

గుంటలో మొసలి

రంగును, హస్తకళను నగర సమస్యలపైకి మళ్లించిన మరో వ్యక్తి చిత్రకారుడు బాదల్ నంజుండస్వామి. ఆయన పద్ధతి ఇందుకు భిన్నం. పేరు దాచుకోలేదు, సమస్యను కప్పిపుచ్చలేదు. 2015లో సుల్తాన్‌పాళ్య ప్రాంతంలో నడిరోడ్డుపై ఏర్పడిన నీటి గుంటలో నిలువెత్తు మొసలి బొమ్మను ఉంచారు. పత్రికల్లో ఆ చిత్రం రావడంతో అధికారులు కదిలి గుంటను పూడ్చారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 గురించి దేశమంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆయన చిత్రీకరించిన దృశ్యంలో, వ్యోమగామి వేషధారి ఒకరు చంద్రుని ఉపరితలంపై నడుస్తున్నట్లు కనిపిస్తాడు. కాసేపటికి పక్కనుంచి ఆటో వెళ్లడంతో అది చంద్రుడు కాదని, బెంగళూరులోని గుంటల రోడ్డేనని తెలుస్తుంది. ఆ రోడ్డుకు మరమ్మతు ప్రారంభం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఒకరు అధికారులను అడగకుండా పని చేసుకుపోయారు. మరొకరు అధికారులను నవ్వించి, సిగ్గుపడేలా చేసి పని చేయించారు. రెంటికీ కావలసింది రంగు, కుంచె, కొంత సమయం మాత్రమే.

ప్రభుత్వం ఎక్కడ?

ఇంత పని పౌరులే నెత్తిన వేసుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. 1991లో సుమారు 41 లక్షలు ఉన్న బెంగళూరు మహానగర జనాభా 2011 నాటికి సుమారు 85 లక్షలకు చేరింది. ఏడు పురపాలక సంఘాలను, ఒక పట్టణ పురసభను, 110 గ్రామాలను కలుపుకొని 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలిక ఏర్పడింది. నగరం పెరిగినంత వేగంగా చెత్త సేకరణ వ్యవస్థ పెరగలేదు. చెత్తను తీసుకుపోయి శివారు గ్రామాల్లో పోయడమే మార్గమైంది. 2012లో మావళ్లిపుర డంపింగ్ యార్డు మూతపడడం, మండూరు గ్రామస్థులు ఎదురు తిరగడంతో నగర వీధుల్లో చెత్త పేరుకుపోయింది. 2016 నాటి కేంద్ర నిబంధనలు తడి, పొడి చెత్తను ఇళ్ల వద్దనే వేరుచేయడం తప్పనిసరి చేశాయి.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం చెత్త నిర్వహణ, పార్కులు, ఉద్యానవనాలు పన్నెండవ షెడ్యూలులో చేరాయి. రాష్ట్రాలు పురపాలక సంస్థలకు అప్పగించవలసిన విషయాలవి. ఆ సంస్థలను నడపవలసినది ఎన్నికైన ప్రతినిధులు. కాగా బెంగళూరులో పాలక మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగియగా, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. చివరకు 2025 సెప్టెంబరులో మహానగర పాలిక స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీని, దాని కింద ఐదు నగర పాలక సంస్థలను నెలకొల్పారు. వీధి దీపం వెలగకపోతే తలుపు తట్టేందుకు కార్పొరేటర్ లేని నగరంలో, పౌరుడి చేతిలో మిగిలింది కుంచె, కుండీ మాత్రమేనన్నా అతిశయోక్తి కాదు.

ఇక్కడే ఈ ఉద్యమానికి ఎదురయ్యే విమర్శ కూడా ఉంది. పౌరులే వీధులు ఊడిస్తే, పన్నులు వసూలు చేస్తున్న సంస్థకు తన బాధ్యతను మరచిపోయే వెసులుబాటు లభించదా? రంగులు పూసిన గోడ వెనుక మురుగు కాలువ అలాగే ఉండిపోదా? ఏడాది పొడవునా తెల్లవారుజామునే చీపురు పట్టే పౌరకార్మికుల వేతనాలు, ఆరోగ్యం గురించి ఆదివారం మూడు గంటలు శ్రమించినవారు ఆలోచిస్తున్నారా? ఈ ప్రశ్నలను తోసిపుచ్చడం సాధ్యం కాదు. చర్చి స్ట్రీట్‌కు పూర్తి రూపం వచ్చింది కూడా 2018లో ప్రభుత్వ వ్యయంతో ఆ వీధిని రాతి పలకలతో పునర్నిర్మించిన తర్వాతే.

అయినప్పటికీ ఈ ప్రయత్నాలు రుజువు చేసిన విషయం ఒకటి ఉంది. మన ప్రజలకు పరిశుభ్రత పట్టదన్న వాదన పూర్తిగా నిజం కాదు. ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గు పెట్టే ఇల్లాలు అదే చేత్తో చెత్తను వీధి మలుపులో వేస్తున్నదంటే, ఆ మలుపు ఎవరిదీ కాదని ఆమె భావిస్తున్నదనే అర్థం. ఆ చోట ఒక మొక్క, ఒక రంగు, కూర్చునేందుకు ఒక అరుగు కనిపించిన నాడు అది ఎవరిదో ఒకరిదని తోస్తుంది. చెయ్యి వెనక్కు వస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో కూడా ఉత్సాహవంతులైన యువకులు గోడలకు బొమ్మలు వేయడం, మొక్కలు నాటడం తరచుగా కనిపించే దృశ్యమే. మొదటి రోజు ఫోటోలకు లోటు ఉండదు. బెంగళూరు అనుభవం చెబుతున్నది మాత్రం రెండవ రోజు గురించి. కుండీకి నీరు పోసేది ఎదుటి దుకాణదారా, వాచ్‌మనా, పక్కింటివారా అన్నది మొక్క నాటక ముందే తేల్చుకోవాలి. ఒక వేసవి పాటు నీరందకపోతే మొక్క ఎండిపోతుంది. ఎండిన కుండీలో మొదటి చెత్త సంచి పడేందుకు ఎంతో కాలం పట్టదు.