ఎనిమిది ఏతాల ఆవిరి ఇంజను
హాలెండులో చెరువెండిన కథ – మన మురుగు కాల్వలకు పాఠం

చేలో నీరు చాలకపోతే ఒక బాధ, చేలో నీరు దిగకపోతే ఇంకో బాధ. కృష్ణా డెల్టా రైతుకు ఈ రెండూ ఒకే ఏడాదిలో వస్తాయి. జూన్, జులై నెలల్లో కాలువ నీరు ఎప్పుడొస్తుందా అని నారుమడి దగ్గర ఎదురుచూపు. నవంబరు, డిసెంబరుల్లో తుపాను పడితే చేను మీద నీరు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూపు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్ళలో నానిపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు.

నీరు పెట్టడం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. నీరు తీయడం గురించి అంతగా మాట్లాడుకోం. నీరు తీయడమే బతుకుగా పెట్టుకున్న దేశం ఒకటుంది. అదే హాలెండు. అక్కడ ఒక పాత ఆవిరి పంపింగ్ స్టేషను ఇప్పుడు మ్యూజియంగా ఉంది. దాని పేరు క్రూకియస్. ఆ ఇంజను ఎందుకు పెట్టారు, ఎలా పనిచేసింది, దాని నుంచి అయిదెకరాల లోపు రైతు తెలుసుకోవాల్సింది ఏమిటి అన్నది ఈ వారం చూద్దాం.

పొలాన్ని తినే చెరువు

హాలెండులో ఆమ్‌స్టర్‌డామ్, హార్లెమ్, లైడెన్ పట్టణాల మధ్య ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. గాలి వీచినప్పుడల్లా అలలు గట్టు మెత్తటి మట్టిని కోసేవి. ఏటా కొంత పొలం నీళ్ళలో కలిసేది. ఊళ్ళు కూడా పోయాయి. ఈ సరస్సును తోడెయ్యాలని 1641లోనే లేఘ్‌వాటర్ అనే మరల నిపుణుడు పుస్తకం రాశాడు. అందుకు 160 గాలిమరలు కావాలని లెక్క వేశాడు. అంత ఖర్చుకు ఎవరూ ముందుకు రాలేదు.

దాదాపు రెండు వందల ఏళ్ళు మాటలతోనే గడిచాయి. 1836 నవంబరులో పెనుగాలికి సరస్సు నీరు పొంగి ఆమ్‌స్టర్‌డామ్ ముంగిటికి వచ్చింది. డిసెంబరులో గాలి తిరిగి లైడెన్ వైపు తోసింది. అప్పుడుగాని పెద్దలకు కదలిక రాలేదు. ముంపు తమ గుమ్మం దాకా వస్తేనే కదలడం ఒక్క మన దేశపు అలవాటే కాదన్నమాట.

1840లో పని మొదలైంది. ముందు సరస్సు చుట్టూ గట్టు వేసి, గట్టు బయట 60 కిలోమీటర్ల పొడవున కాల్వ తవ్వారు. లోపలి నీటిని ఈ కాల్వలోకి ఎత్తిపోస్తే అక్కడి నుంచి సముద్రం వైపు వెళ్తుంది. ఎత్తిపోయడానికి గాలిమరల బదులు మూడు ఆవిరి పంపింగ్ స్టేషన్లు కట్టారు. లేఘ్‌వాటర్, లిండెన్, క్రూకియస్ అని పాత తరం నీటి నిపుణుల పేర్లే వాటికి పెట్టారు. 1849 నుంచి మూడూ కలిసి తోడితే 1852 జులై నాటికి అడుగు తేలింది.

తోడిన నీరు 80 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 28 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచే నీరు మూడు టీఎంసీలే. అంటే తొమ్మిది బ్యారేజీల నీటిని ఎత్తిపోసినట్టు. బయటపడిన భూమి సుమారు 45 వేల ఎకరాలు. సముద్ర మట్టం కంటే నాలుగైదు మీటర్లు పల్లంలో ఉన్న ఆ నేలను 1853 నుంచి వేలం వేసి అమ్మారు. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం ఇవాళ ఉన్నది ఆ చెరువు అడుగునే.

ఆవిరి నీటిని ఎలా ఎత్తింది?

లీటరు నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మరిగే గిన్నె మీద మూత ఎగిరెగిరి పడేది అందుకే. ఆ ఆవిరిని మూసిన గొట్టంలో పట్టి చల్లబరిస్తే మళ్ళీ లీటరు నీరే అవుతుంది. మిగతా చోటంతా ఖాళీ. ఆ ఖాళీలోకి బయటి గాలి పిస్టన్‌ను నొక్కేస్తుంది. ఇంగ్లండులో 1712లో న్యూకామెన్ బొగ్గు గనిలో నీరు తోడటానికి పెట్టిన ఇంజను ఈ సూత్రం మీదే నడిచింది. ఆవిరిని సిలిండరులో కాకుండా వేరే గదిలో చల్లబరిస్తే బొగ్గు బాగా ఆదా అవుతుందని జేమ్స్ వాట్ కనిపెట్టి 1769లో పేటెంటు తీసుకున్నాడు.

క్రూకియస్ ఇంజను ఆ తరం యంత్రాల్లో అన్నింటికన్నా పెద్దది. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలోని హార్వీ కంపెనీ చేసింది. దాని పెద్ద సిలిండరు వెడల్పు 144 అంగుళాలు, అంటే 12 అడుగులు. ఎడ్లబండి లోపల పడుతుంది. ఆ పెద్ద సిలిండరు మధ్యలో ఇంకో చిన్న సిలిండరు.

పనిచేసే తీరు మన ఏతం తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఏతానికి మధ్యలో స్తంభం, ఒక చివర బాన, రెండో వైపు మనిషి బరువు. క్రూకియస్‌లో గుండ్రటి కట్టడం గోడల మీద ఎనిమిది ఇనుప దూలాలు ఏతపు మానుల్లాగా ఉంటాయి. లోపలి చివరలన్నీ ఒకే ఇంజను మీద కలుస్తాయి. బయటి చివరలకు ఎనిమిది పంపులు. మనిషి ఏతం మానెక్కి అటూ ఇటూ నడిచే బదులు ఇక్కడ ఆవిరి ఆ పని చేస్తుంది.

ముందు ఆవిరి చిన్న సిలిండరులోకి పోయి బరువైన ఇనుప దిమ్మను పైకి లేపుతుంది. అప్పుడు బయటి చివరలు దిగి పంపులు నీటిలోకి పోతాయి. తరువాత అదే ఆవిరిని పెద్ద సిలిండరు పైభాగంలోకి వదులుతారు. కింద ఖాళీ ఉంటుంది గనుక పిస్టన్, దిమ్మ కలిసి దిగుతాయి. బయటి చివరలు లేస్తాయి. నీరు వస్తుంది. ఒకసారి వాడిన ఆవిరినే రెండోసారి వాడుకోవడం వల్ల బొగ్గు కలిసొచ్చింది.

ఒక్కో పంపు ఒక్కో ఊపుకు ఎనిమిది వేల లీటర్లు ఎత్తేది. ఎనిమిదీ కలిపి 64 వేలు. నిమిషానికి అయిదు ఊపులు. అంటే నిమిషానికి 3 లక్షల 20 వేల లీటర్లు. ఎకరం చేనులో రెండంగుళాల నీరు నిలిచిందంటే అది రెండు లక్షల లీటర్ల పైచిలుకు. క్రూకియస్ దాన్ని 40 సెకన్లలో తోడేసేది.

పని చాలించినా పనికొచ్చింది

క్రూకియస్ 1933 దాకా పనిచేసింది. తరువాత ఇనుప సామానుగా అమ్మేయాల్సిందే. ఆ దేశపు ఇంజనీర్లు పట్టుబట్టి 1934లో నిలబెట్టారు. మ్యూజియం చేశారు. బాయిలర్లు ఇప్పుడు లేవు. 2002 నుంచి హైడ్రాలిక్ యంత్రంతో దూలాలను కదిలించి చూసేవాళ్ళకు చూపిస్తున్నారు. లండన్‌లో క్యూ బ్రిడ్జి దగ్గర కూడా ఇలాంటి స్టేషను ఉంది. పట్టణానికి తాగునీరు తోడిన ఇంజన్లు 1975 నుంచి మ్యూజియంలో ఉన్నాయి.

ఇంకో ముచ్చట. హాలెండులోనే లెమ్మర్ అనే చోట 1920లో కట్టిన వౌడా ఆవిరి పంపింగ్ స్టేషను ఇవాళ్టికీ పనిలో ఉంది. 1998లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వానలు ముదిరి మామూలు పంపులు చాలనప్పుడు బాయిలరు అంటిస్తారు. నిమిషానికి నాలుగు వేల ఘనపు మీటర్లు, అంటే సుమారు 2,350 క్యూసెక్కులు తోడుతుంది. పాతదని పారెయ్యకుండా, అవసరానికి నడిచేలా ఉంచుకున్నారు.

మన వైపు చూద్దాం. పాత పరికరాలు చూడాలంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. గోదావరి ఆనకట్ట నాటి సామాను, నమూనాలు అక్కడ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే మంచిది.

మన డెల్టాలో పంపులు

బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు, రైవస్, బందరు కాలువలకు నీరు దానంతటదే పారింది. ఆవిరితో ఎత్తాల్సిన పని పడలేదు. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయితే ఏటికి అవతల ఉన్న దివిసీమ సంగతి వేరు. గత శతాబ్దం తొలి దశకంలో అక్కడ కృష్ణ నీటిని డీజిల్ ఇంజన్లతో తోడి పొలాలకు ఇచ్చే పథకం పెట్టారు. ఆ రోజుల్లో అది దేశంలోనే పేరున్న పథకం. ఇప్పుడు పులిగడ్డ ఆక్విడక్టు మీదుగా కాలువ నీరే దివికి పోతోంది. నీరు పల్లానికి పారే దారి దొరికితే ఇంజనుకు పని ఉండదు. అన్నింటికన్నా చౌక పంపు వాలే.

2015లో పట్టిసీమ వచ్చింది. 24 పంపులు, మొత్తం 8,500 క్యూసెక్కులు. గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. క్రూకియస్ మొత్తం శక్తి 188 క్యూసెక్కులు. పట్టిసీమలో ఒక్క పంపు 354. ఒక్కో పంపు రెండు క్రూకియస్‌లకు కాస్త తక్కువ. పైకి ఎత్తే ఎత్తు కూడా ఇక్కడే ఎక్కువ.

నీరు తేవడానికి ఇంత చేశాం. మురుగు తీయడానికో? మన డ్రెయిన్లకు పంపుల్లేవు, వాలే ఆధారం. సముద్రం దగ్గరయ్యే కొద్దీ వాలు తక్కువ. ఆ కాస్త వాలునూ పూడిక, గుర్రపుడెక్క, తూడు మింగేస్తాయి. పోటు సమయంలో సముద్రం ఎదురు తోస్తుంది. పై రైతు గండి కొట్టుకుంటే నీరు కింది రైతు నెత్తిన పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు, నీటికి దారి లేకపోతే ఏమవుతుందో పట్టణానికీ తెలిసొచ్చింది. అదే రోజుల్లో బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది.

అలాగని హాలెండులో చెరువు తోడారు గనుక కొల్లేరునూ తోడేద్దాం అనుకుంటే పొరపాటు. వాళ్ళ సరస్సు పొలాన్ని తిన్నది. మన కొల్లేరు రెండు డెల్టాల మధ్య వరద నీటిని కడుపులో పెట్టుకుని ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. దాన్ని కుదిస్తే ఆ నీరు మన చేలల్లోనే నిలుస్తుంది.

చెరువెండినంత మాత్రాన చాలదు

హార్లెమ్ కథలో అసలు పాఠం ఇది. 1852లో చెరువు ఎండింది గాని పంపు ఆగలేదు. వాన పడినా, ఊట వచ్చినా తోడుతూనే ఉండాలి. ఇవాళ్టికీ తోడుతూనే ఉన్నారు. పొలాల మధ్య పిల్ల కాల్వలు సరిగా లేక మొదటి ఏళ్ళలో కొత్త రైతులు నానా అగచాట్లు పడ్డారు. పెద్ద ఇంజను ఉన్నా, చేను నుంచి ఇంజను దాకా నీరు నడిచే దారి లేకపోతే ఫలితం లేదు.

ఆ దారి బాధ్యత అక్కడ నీటి సంఘాలది. కొన్ని 13వ శతాబ్దం నాటివి. సభ్యులను ఎన్నుకుంటారు, భూమిని బట్టి పన్ను వేస్తారు, ఆ డబ్బుతో గట్లు, కాల్వలు, పంపులు చూస్తారు. మన రాష్ట్రంలోనూ 1997 చట్టం ప్రకారం నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. సంఘం సమావేశంలో కాలువ తూముతో పాటు మురుగు కాల్వ గురించి కూడా అడగడం రైతు హక్కు. ఈ మాట వేసవిలో అడగాలి. తుపాను వచ్చాక అడిగితే పొక్లెయిను దిగడానికి గట్టు కూడా దొరకదు.

మీ ఇంజను దగ్గర చూసుకోవాల్సినవి

* ప్రతి అడుగు ఎత్తుకూ ఖర్చే. నీరు పడే పైపు మూతి అవసరం కన్నా పైకి పెట్టకండి. మొత్తం పది అడుగులు ఎత్తేచోట రెండడుగులు అనవసరంగా ఎత్తితే అయిదో వంతు డీజిలు వృథా.

* పంపు నీటిని పీల్చదు, బయటి గాలి తోస్తుంది. న్యూకామెన్ ఇంజనులో పిస్టన్‌ను నొక్కింది ఈ గాలే. అది తోయగలిగేది లెక్కకు 33 అడుగులు, ఆచరణలో 20 నుంచి 25. అందుకే పంపును నీటికి వీలైనంత దగ్గరగా పెట్టాలి.

* పీల్చే పైపులో సన్నటి చిల్లున్నా గాలి దూరి నీరు తెగిపోతుంది. ఫుట్ వాల్వు తోలు, జాయింట్లు వానలకు ముందే సరిచూసుకోండి.

* సన్న పైపు, ఎక్కువ వంపులు ఉంటే ఇంజను శక్తి రాపిడికే పోతుంది.

* అయిదు హార్స్ పవర్ మోటారు, పంపు, పైపు ఎత్తుకు సరిపోయేవైతే 16 అడుగుల మీద నుంచి ఎకరంలో రెండంగుళాల నీరు తీయడానికి సుమారు గంటన్నర పడుతుంది. మీకు మూడు గంటలు పడుతుంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

* పక్క చేను నీరు తిరిగి మీ చేలోకి దిగుతుంటే ఎన్ని గంటలు తోడినా దండగే. ఆ బోదె రైతులంతా కలిసి గట్టు వేసుకుని, ఒకే చోట ఇంజను పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

* నీళ్ళలో నిలబడి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవద్దు. చేను పోతే మళ్ళీ వేసుకోవచ్చు.

మినుము చల్లే ముందు వరి చేలో నీరు దించాల్సిన రోజు ఎటూ వస్తుంది. ఆ రోజుకు మీ బోదె నుంచి డ్రెయిను దాకా నీరు ఆగకుండా నడుస్తుందా అన్నది ఇప్పుడే గట్టెంట నడిచి చూసుకోండి. ఎక్కడ ఆగుతుందో గుర్తు పెట్టుకుని పక్క రైతుకు చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.