వంటింటి దాకా ఇంటర్నెట్ రేడియో

ఫోనులో ఆకాశవాణి పెట్టుకుని, వార్తల ముందు వచ్చే బీప్‌లు విని గోడగడియారం సరిచేస్తున్నారా? ఆపండర్రా! పక్కింటి ట్రాన్సిస్టరులో వార్తలు మొదలైపోయాక గానీ మీ ఫోనులో ఆ బీప్ వినబడదు.

తప్పు అనౌన్సరుది కాదు. స్టేషను మూడువందల కిలోమీటర్ల దూరాన ఉన్నా, రేడియో తరంగం మనింటికి రావడానికి సెకనులో వెయ్యోవంతు చాలు. ఇంటర్నెట్‌లో అలా కాదు. పాటను చిన్నచిన్న పొట్లాలు కట్టి పంపుతారు. అవి వేళకి వస్తాయన్న నమ్మకం లేదు. అందుకని ఫోను ముందుగా కొన్ని సెకన్ల పాట నిలవ చేసుకుని, ఆ తరవాతే పాడటం మొదలుపెడుతుంది. మున్సిపాలిటీ కుళాయి ఎప్పుడొచ్చినా, మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంటే పంపులో ధార తెగదు చూడండి, అలాగ. ట్యాంకు ఎండినప్పుడే తెర మీద ఆ చక్రం గిర్రున తిరుగుతూ మన ప్రాణం తీస్తుంది.

ఒకప్పుడు ఈ రేడియో వినాలంటే కంప్యూటరు ముందు కూచోవాల్సిందే. మరి పోపు వేస్తూ వినేదెలా? 2000 ప్రాంతంలో అమెరికాలో కెర్బాంగో అనే కంపెనీ, కంప్యూటరు అక్కర్లేని ఇంటర్నెట్ రేడియో పెట్టె ఒకటి తయారుచేసింది. త్రీకామ్ దాన్ని కొనుక్కుంది, 2001లో ఆపేసింది. చాలా ఇళ్ళలో అప్పటికింకా టెలిఫోను తీగ మీద నడిచే నెట్టే. పాపం, వేళకి ముందే పుట్టింది.

ఇప్పుడు ఇంటింటా వైఫై. తమాషా ఏమిటంటే, సముద్రాల అడుగున తీగల్లో పడి వచ్చిన పాట కూడా హాల్లోని రౌటరు నుంచి వంటింట్లోకి మళ్ళీ రేడియో తరంగంగానే వస్తుంది! తేడా అల్లా పొడవులో. హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 400 మీటర్ల పైమాటే. దానికి మన గోడలొక లెక్కా? వైఫై, బ్లూటూత్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం జానెడైనా ఉండదు, 12 సెంటీమీటర్లు. గోడలు దాటేసరికి నీరసపడుతుంది, ఇనప బీరువా అడ్డమొస్తే వెనక్కి తిరుగుతుంది. పైగా నీళ్ళు దాన్ని మింగేస్తాయి. మన ఒంట్లో ఉన్నదెక్కువ నీళ్ళేగా! ఫోను వెనకజేబులో ఉండి, స్పీకరు ఎదురుగా ఉంటే పాట తడబడేది అందుకే. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఇంచుమించు ఈ తరంగాలతోనే. దాని పక్కన బ్లూటూత్ స్పీకరు పెట్టి, పాట తెగుతోందని కంపెనీని తిట్టుకుంటే ఏం లాభం?

డేటా ఖర్చయిపోతుందని భయపడకండి. 128 కిలోబిట్ల ప్రసారానికి సెకనుకి 16 కిలోబైట్లు, గంటకి 58 మెగాబైట్లకు లోపే. సినిమా చూడటంతో పోలిస్తే ఇది ఏ మూలకి? తెర మాత్రం ఆపేసి వినండి, బ్యాటరీ మిగులుతుంది.

ఇంట్లో పాత టేప్‌రికార్డరు ఉందా? దాని వెనక ఆక్స్ అని చిన్న రంధ్రం ఉంటే, ఫోను నుంచి అందులోకి ఒక వైరు కలిపి చూడండి. బీరువాలూ మైక్రోవేవ్‌లూ ఆ వైరుని ఏం చెయ్యలేవు.