చేతులు మారిన పాట

కొన్ని పాటలు రేడియో వల్ల తెలుస్తాయి, కొన్ని సినిమాల వల్ల. మరికొన్ని మాత్రం స్నేహితుడు చెయ్యి పట్టుకుని కూర్చోబెడితేనే గాని తెలియవు. కెనడా దేశపు ‘రష్’ బృందం సంగీతం నాకు అలాగే తెలిసింది.

ఒక ఆదివారం నా మిత్రుడు ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, "ఒరేయ్, ఇరవై నిమిషాలు నోరు మెదపకు!" అని రికార్డు పెట్టాడు. మొదటి ఐదు నిమిషాలూ ‘ఇదేం గోలరా భగవంతుడా’ అనుకున్నాను. తరువాత వేసిన ‘టామ్ సాయర్’ అనే 1981 నాటి పాట మధ్యలో, నాకు తెలియకుండానే నా వేళ్ళు ఏడు లెక్క పెట్టసాగాయి. మన మిశ్రచాపుకూ ఏడే గదా! ఇంత హోరులోనూ ఇంత లెక్క ఉందా అని ఆశ్చర్యపోయాను.

బరువైన గిటార్ల మోత, మారిపోయే తాళాలు, కథలు చెప్పే పొడవాటి పాటలు, ఇవీ ఈ సంగీతపు లక్షణాలు. వాయించేవారు ముగ్గురే. గిటారు ఆలెక్స్ లైఫ్‌సన్‌ది. గెడ్డీ లీ బేస్ గిటారు వాయిస్తూనే పాడతాడు. డ్రమ్ముల వెనుక నీల్ పియర్ట్.

లీ, లైఫ్‌సన్ టొరాంటోలో బడిలో స్నేహితులు. ఇద్దరివీ యూరప్ నుంచి వలస వచ్చిన కుటుంబాలే. లీ తల్లిదండ్రులు నాజీల నిర్బంధ శిబిరాల నుండి ప్రాణాలతో బయటపడినవారు. 1968లో బృందం ఏర్పడింది. మొదటి రికార్డును ఏ కంపెనీ తీసుకోకపోవడంతో 1974లో తామే వేసుకున్నారు.

అప్పుడే స్నేహం అక్కరకు వచ్చింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో డోనా హాల్పర్ అనే ఆమె ఒక రేడియో కేంద్రంలో పాటలు ఎంపిక చేసేది. కెనడాలోని మిత్రుడొకడు ఆమెకు ఈ రికార్డు పంపాడు. అందులో శ్రామికుని బతుకు మీద ఏడు నిమిషాల పాట ఒకటి ఉంది. క్లీవ్‌లాండ్ కార్ఖానాల ఊరు. పాట వినిపించగానే టెలిఫోన్లు మోగాయి. ఆ కదలికతో ఒక అమెరికన్ కంపెనీ వారిని పిలిచింది. ఆ వేసవిలోనే మొదటి డ్రమ్మరు జాన్ రట్సీ తప్పుకోగా, పియర్ట్ వచ్చాడు. పుస్తకాల పురుగు కావడంతో పాటలు రాసే పని కూడా అతని మీదే పడింది.

1975లో వేసిన ఒక రికార్డు సరిగ్గా అమ్ముడుపోలేదు. చిన్న చిన్న పాటలు చెయ్యమని కంపెనీ ఒత్తిడి. మునిగితే మన పద్ధతిలోనే మునుగుదామనుకున్నారు ముగ్గురూ. 1976లో ‘2112’ వేశారు. దానిలో ఒక పక్క మొత్తం ఒకే పాట, ఇరవై నిమిషాలకు పైగా. గిటారు అంటే ఎరుగని ఒక యువకుడికి పాత గిటారు దొరుకుతుంది. పాలకులు దానిని ధ్వంసం చేస్తారు. అమ్ముడు పోదనుకున్న ఆ రికార్డు ఒక్క అమెరికాలోనే 30 లక్షలు దాటింది!

అయితే వారి అసలు పరీక్ష వేరు. 1997లో పియర్ట్ కుమార్తె కారు ప్రమాదంలో మరణించింది. పది నెలలకే భార్య క్యాన్సరుతో పోయింది. ఇక తాను లేనట్టే అనుకోమని మిత్రులకు చెప్పి, మోటారు సైకిలెక్కి వేల మైళ్ళు తిరిగాడు. లీ, లైఫ్‌సన్ అతని స్థానంలో మరొకరిని తెచ్చుకోలేదు. తొందరపెట్టనూ లేదు. ఎదురు చూశారు. అతను తిరిగి వచ్చాక, 2002లో కొత్త రికార్డు వెలువడింది.

2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ముగ్గురి చివరి కచేరీ జరిగింది. తరువాత పియర్ట్‌కు మెదడులో క్యాన్సరు వచ్చింది. అతని కోరిక మేరకు మిత్రులు ఆ సంగతిని మూడేళ్ళకు పైగా గుండెల్లోనే దాచుకున్నారు. 2020 జనవరి 7న అతను పోయిన తరువాతే లోకానికి తెలిసింది.

ఆ తాళాలు మనకు ఎక్కవచ్చు, ఎక్కకపోవచ్చు. ఆ ఎదురు చూపు మాత్రం ఎవరికైనా ఎక్కుతుంది.

నా మిత్రుడి రికార్డు ఇంకా మా ఇంట్లోనే ఉంది. తిరిగి ఇమ్మని వాడు ఎన్నడూ అడగలేదు. "ఇంకెవరికైనా వినిపించావా?" అని మాత్రం అడుగుతూంటాడు.