తెర మీద కదిలేది బొమ్మా, వస్తువా?

ఫోన్ తెర అడుగున ఒక బటన్ ఉంది. నొక్కగానే అది జారుకుంటూ పైకి వెళ్లి నిలిచింది. పైన నిలిచిన ఆ బటన్‌ను మళ్లీ తాకితే ఉలుకూ పలుకూ లేదు. అంతకుముందు అది ఉన్న చోటు ఇప్పుడు ఖాళీగా కనిపిస్తోంది. ఆ ఖాళీని తాకితే మాత్రం బటన్ పనిచేసింది! 2011కు ముందు ఆండ్రాయిడ్ యాప్‌లు రాసినవారిలో ఈ వింతను ఎదుర్కోనివారు అరుదు. కంటికి ఒక చోట, యంత్రం లెక్కలో మరొక చోట. ఒకే వస్తువుకు రెండు చిరునామాలన్నమాట. యాప్‌లలో కదలికను గురించి ఆలోచించేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. కదిలింది బొమ్మా, వస్తువా?

తొలి ఆండ్రాయిడ్‌లో కదిలింది బొమ్మే. ఆనాటి ‘వ్యూ యానిమేషన్’ పద్ధతి ఒక వ్యూను, అంటే తెర మీది బటన్‌నో అక్షరాల పెట్టెనో, గీసే సమయంలో మాత్రమే జోక్యం చేసుకునేది. గీసిన రూపాన్ని జరపడం, తిప్పడం, సాగదీయడం లేదా కుదించడం, పలుచబరచడం మాత్రమే దానికి చేతనయ్యేవి. తన స్థానం మారిందన్న కబురు వ్యూకు అందేదే కాదు. వేలు తాకిన చోట ఏ వ్యూ ఉందో వెతికే భాగం పాత స్థానాన్నే నమ్ముకుని ఉండేది. అందుకని కదలిక ముగియగానే ప్రోగ్రామరే అసలు వ్యూను కొత్త చోటికి చేర్చి, గీతకు తొడిగిన మార్పును తీసేయవలసి వచ్చేది. ఆ రెండు పనులూ సరిగ్గా ఒకే క్షణాన జరగకపోతే బటన్ ఒక్కసారి మినుక్కుమనేది. ఇక బటన్ నేపథ్యం రంగును మెల్లగా మార్చాలంటే ఆ పద్ధతిలో దారే లేదు.

2011 ఫిబ్రవరిలో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0, అంటే హనీకోంబ్, విషయాన్ని మూలం నుంచి మార్చింది. అందులోని ‘ప్రాపర్టీ యానిమేషన్’ వ్యవస్థను రూపొందించినవారిలో ముఖ్యుడు గూగుల్ ఇంజనీరు చెట్ హాస్. అంతకు నాలుగేళ్ల ముందు ఆయన రొమాన్ గీతో కలిసి, జావాలో కంటికింపైన ప్రోగ్రాములు రాయడం గురించి ‘ఫిల్తీ రిచ్ క్లయింట్స్’ అనే పుస్తకం రాశారు. కొత్త వ్యవస్థకు ఆధారమైన ఆలోచన ఎంత సరళమంటే, విన్నాక ఇది మొదటే ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. ప్రోగ్రాములో ప్రతి ఆబ్జెక్టుకూ కొన్ని గుణాలు ఉంటాయి. ఎడమ అంచు నుంచి ఎంత దూరం, ఎంత వాలు, ఎంత పారదర్శకత, ఏ రంగు. ఇవన్నీ చివరికి అంకెలే. ఆ అంకెను కాలంతోపాటు కొద్దికొద్దిగా మారుస్తూ పోవడమే యానిమేషన్. అంకె మారితే వస్తువే మారినట్టు. గీత, స్పర్శ రెండూ ఆ అంకెనే చూస్తాయి కనుక రెండు చిరునామాల గొడవ ఇక ఉండదు.

ఈ మార్పుతో మరొక గొప్ప లాభం కలిసివచ్చింది. ఆ అంకెను మార్చే భాగమైన యానిమేటరుకు, తాను దేన్ని కదుపుతున్నదో తెలియనవసరం లేదు. ‘ఆబ్జెక్ట్ యానిమేటర్’కు ఒక ఆబ్జెక్టునూ, ఒక గుణం పేరునూ, మొదటి విలువనూ చివరి విలువనూ ఇస్తే చాలు. గుణం పేరు ‘ఆల్ఫా’, అంటే పారదర్శకత, అయితే అది ఆబ్జెక్టులో ‘సెట్ ఆల్ఫా’ అనే పద్ధతి కోసం వెతికి, ప్రతి ఫ్రేముకూ కొత్త అంకెతో దాన్ని పిలుస్తుంది. మనమే ఒక గడియారం బొమ్మ గీసుకుని, దానికి ‘ముల్లు కోణం’ అనే గుణాన్ని కల్పించి, దాన్నీ ఇలాగే నడపవచ్చు. కంటికి కనిపించనివాటికీ ఇది వర్తిస్తుంది. ఇదే కుటుంబంలోని ‘వాల్యూ యానిమేటర్’ ఇచ్చే అంకెలతో పాట శబ్దాన్ని మెల్లమెల్లగా తగ్గించవచ్చు.

అయితే పేరును బట్టి వెతకడంలో ఒక ప్రమాదం ఉంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా, దశాంశ సంఖ్య ఇవ్వవలసిన చోట పూర్ణాంకం ఇచ్చినా, ప్రోగ్రాము పడిపోదు, కంపైలరు కూడా అడ్డు చెప్పదు. లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, తెర మీద ఏదీ కదలదు. పారదర్శకతకు పూర్ణాంకాలు ఇచ్చి, తప్పంతా మరెక్కడో ఉందని ఒక సాయంత్రమంతా వెతికిన అనుభవం నాకుంది. ఆ తరువాత వచ్చిన ఆండ్రాయిడ్ 4.0, పేరుకు బదులు గుణాన్నే ఒక ఆబ్జెక్టుగా అందించే వీలు కల్పించింది. కొత్తగా నేర్చుకునేవారు ఆ దారినే పట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు లెక్కలోకి వెళదాం. ఒక బటన్‌ను 0 నుంచి 400 పిక్సెళ్ల దూరం, 300 మిల్లీసెకన్లలో జరపాలి. ఆ వ్యవస్థలో వేరే చెప్పకపోతే తీసుకునే వ్యవధి 300 మిల్లీసెకన్లే. 75 మిల్లీసెకన్లు గడిచాయంటే కాలంలో పావు వంతు, అంటే 0.25 అయింది. దూరంలోనూ పావు వంతు అయితే బటన్ 100 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. కానీ అలా ఒకే వేగంతో మొదలై ఒకే వేగంతో ఠక్కున ఆగేవి మన చుట్టూ ఏమున్నాయి? బస్టాండులోంచి బయలుదేరిన బస్సు మెల్లగా వేగం అందుకుంటుంది, స్టాపు దగ్గరపడే కొద్దీ నెమ్మదిస్తుంది. అందుకే కాలానికీ విలువకూ నడుమ ‘ఇంటర్‌పొలేటర్’ అనే మధ్యవర్తి నిలుస్తుంది. ఆండ్రాయిడ్ మామూలుగా వాడేది కొసైన్ వక్రరేఖ. దాని లెక్కలో 0.25 అనే కాలం దాదాపు 0.146 అవుతుంది, బటన్ అప్పటికి 59 పిక్సెళ్లే జరిగి ఉంటుంది. సగం కాలానికి సరిగ్గా సగం దూరం. ముప్పావు కాలానికి 341 పిక్సెళ్లు దాటి, మిగిలిన కొంచెం దూరాన్ని నింపాదిగా ముగిస్తుంది.

ఈ తెలివి కంప్యూటర్లతో పుట్టింది కాదు. డిస్నీ స్టూడియోలో అనుభవజ్ఞులైన చిత్రకారులు కదలికలోని ముఖ్య భంగిమలను గీస్తే, వాటి మధ్య బొమ్మలను సహాయకులు పూరించేవారు. నేటి ప్రోగ్రామర్లు పలికే ‘కీఫ్రేమ్’ అనే మాట ఆ బల్లల మీది నుంచి వచ్చిందే. భంగిమల దగ్గర బొమ్మలను దట్టంగా, నడుమ పలుచగా పేర్చితే కదలికకు బరువు వస్తుందని వారు చేతిపనిలో కనిపెట్టారు. అక్కడి చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో ప్రచురించిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ అనే గ్రంథంలో వివరించిన 12 సూత్రాలలో ఇదీ ఒకటి. 1987లో జాన్ లాసెటర్ ఆ సూత్రాలు కంప్యూటర్ యానిమేషన్‌కు ఎలా వర్తిస్తాయో సిగ్‌గ్రాఫ్ సదస్సు పత్రంలో చూపించాడు. ఇప్పుడు యాప్‌లలో వాడే చాలా వక్రరేఖలకు పియర్ బెజియే పేరు ఉంది. ఆయన రెనో కార్ల కంపెనీలో కార్ల ఒంపులను లెక్కగట్టిన ఇంజనీరు. కారు ఒంపును గీసిన గణితమే బటన్ వేగాన్ని నిర్ణయిస్తోంది.

విలువలన్నీ ఒంటరి అంకెలైతే ఇంతటితో సరిపోయేది. రంగు అలాంటిది కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో పాటు పారదర్శకతనూ కలిపి ఒకే పెద్ద పూర్ణాంకంగా కంప్యూటరు దాచుకుంటుంది. ఆ పూర్ణాంకాన్నే నేరుగా నీలం నుంచి ఎరుపుకు పెంచుకుంటూ పోతే, దారిలో సంబంధం లేని రంగులన్నీ పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. నాలుగు పాళ్లనూ విడదీసి, ఒక్కొక్కదాన్నీ విడిగా నడిపి, తిరిగి కలపాలి. ఆ పని చేసే భాగాన్ని ‘ఎవాల్యుయేటర్’ అంటారు. కోణాలదీ ఇలాంటి చిక్కే. 350 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు వెళ్లాలంటే 20 డిగ్రీలు ముందుకు తిరిగితే చాలని మనిషికి తెలుసు. అంకెలను మాత్రమే చూసే యానిమేటరు 340 డిగ్రీలు వెనక్కి తిప్పుతుంది. దిక్సూచి యాప్‌లో ముల్లు ఉత్తరం దాటేటప్పుడు గిర్రున వెనక్కి తిరిగితే, అక్కడ 10కి బదులు 370 అని ఇవ్వడం ఎవరో మరిచిపోయి ఉంటారు.

ఏ గుణాన్ని కదపాలన్న ఎంపిక కూడా చిన్న విషయం కాదు. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు, 120 సార్లు మారే తెర మీద అందులో సగమే. బటన్ వెడల్పును మారిస్తే పక్కన ఉన్నవన్నీ సర్దుకోవాలి. ఎవరెంత చోటు తీసుకోవాలో ప్రతి ఫ్రేముకూ కొత్తగా కొలవాలి. స్థానభ్రంశం, భ్రమణం, గీసిన రూపపు సాగు (స్కేలు), పారదర్శకత అనే గుణాలకు ఆ కొలతలు అక్కరలేదు, గీసిపెట్టుకున్న రూపాన్నే గ్రాఫిక్స్ యంత్రం కొత్త విలువతో మళ్లీ వాడుకుంటుంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో ‘కొరియోగ్రాఫర్’ అనే భాగం చేరి, యానిమేషన్ అడుగులను తెర మారే లయకు కట్టింది. ఆ లయను ఒక్క ఫ్రేము తప్పినా కన్ను పసిగడుతుంది. చూసేవారు దానికి పేరు పెట్టలేరు, ‘ఫోన్ స్లో అయింది’ అని మాత్రం అంటారు.

ఐఫోన్ ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పింది. అక్కడి ‘కోర్ యానిమేషన్’ 2007 నాటిది. అందులో ప్రతి పొరకూ, అంటే తెర మీద గీసే ప్రతి ముక్కకూ, ఒక అసలు రూపం, ఒక ప్రదర్శన రూపం ఉంటాయి. పొర స్థానాన్ని మారిస్తే అసలు రూపంలోని విలువ తక్షణం చివరి విలువ అయిపోతుంది, ప్రదర్శన రూపం పావు సెకను వ్యవధిలో దాన్ని చేరుకుంటుంది. మధ్య విలువల లెక్కను యాప్ వెలుపల నడిచే వేరే ప్రక్రియ చూసుకుంటుంది కనుక, యాప్ ఏదో పనిలో చిక్కుకుపోయినా కదలిక ఆగదు. ఆండ్రాయిడ్ ఆబ్జెక్ట్ యానిమేటరుకు ఆ వెసులుబాటు లేదు, యాప్ పనులు నడిచే ముఖ్య థ్రెడ్ ఆగితే అదీ ఆగుతుంది. ఐఫోన్ పద్ధతికీ ఒక మూల్యం ఉంది. కదులుతున్న వస్తువును వేలితో పట్టుకోవాలంటే, అది ఇప్పుడు ఎక్కడ కనిపిస్తోందో ప్రదర్శన రూపాన్ని ప్రత్యేకంగా అడగాలి.

ఇక్కడే కొత్తవారు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. అసలు విలువను మార్చకుండా పొరకు యానిమేషన్‌ను మాత్రం తగిలిస్తారు. అది ముగియగానే వస్తువు ఠక్కున పాత చోటికి దూకుతుంది. దానికి విరుగుడుగా, యానిమేషన్‌ను తీసేయకుండా చివరి బొమ్మ దగ్గరే అట్టిపెట్టమని ఆదేశం రాస్తారు. తెర మీద అంతా బాగుందనిపిస్తుంది. కానీ అది 2011కు ముందటి ఆండ్రాయిడ్ అబద్ధమే. బొమ్మ పైన, వస్తువు కింద. అసలు విలువను ముందే మార్చి, ఆ తరువాత యానిమేషన్‌ను కలపడమే సరైన పద్ధతి.

వ్యవధిని ముందే నిర్ణయించే పద్ధతికి మరో బలహీనత ఉంది. కదలిక సగంలో ఉండగా వాడుకరి మనసు మార్చుకుని వేలితో వెనక్కి లాగితే, కొత్త యానిమేషన్ సున్నా వేగం నుంచి మొదలవుతుంది, చూపుకు కుదుపు తగులుతుంది. దీనికి స్ప్రింగు మంచి జవాబు. స్ప్రింగుకు వ్యవధి ఉండదు. గట్టిదనం, అవరోధం, ప్రస్తుత వేగం మాత్రమే ఉంటాయి. గమ్యం మారినా ఉన్న వేగం పోదు. అవరోధ నిష్పత్తి 1 అయితే, దానంతటదే మూసుకునే మంచి తలుపులాగా ఊగకుండా గమ్యానికి చేరుతుంది. 1 కంటే తక్కువైతే గమ్యం దాటి ఊగి స్థిరపడుతుంది. ఐఓఎస్ 7 2013లో యాప్ రచయితలకు ఈ వీలు కల్పించింది. 2021లో స్థిరపడిన ఆండ్రాయిడ్ ‘జెట్‌ప్యాక్ కంపోజ్’లో ఒకే విలువను నడిపే సాధారణ యానిమేషన్లకు వేరే చెప్పకపోతే స్ప్రింగే వర్తిస్తుంది.

ఈ కదలికలు అందరికీ హాయినివ్వవు. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిన్నవారికి, తెర మీద పెద్ద పెద్ద వస్తువులు జారుతుంటే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు అవుతుంది. అందుకే ఐఫోన్‌లో కదలికను తగ్గించే సెట్టింగు, ఆండ్రాయిడ్‌లో యానిమేషన్లను తీసేసే సెట్టింగు ఉన్నాయి. యాప్ రాసే ప్రతి ఒక్కరూ ఆ సెట్టింగు పెట్టుకుని తమ యాప్‌ను ఒక్కసారి నడిపి చూడాలని నేను కోరుకుంటాను. ఆండ్రాయిడ్‌లో అప్పుడు యానిమేటరు వ్యవధి సున్నా అవుతుంది. మధ్య విలువలన్నీ మాయమై, చివరి అంకె ఒక్కటే గుణంలోకి నేరుగా చేరుతుంది. బటన్ ఏ జారుడూ లేకుండా పైన ప్రత్యక్షమవుతుంది, అక్కడే తాకితే పనిచేస్తుంది.