విప్పి చూడడం, వెళ్ళి వినడం: తొలినాటి విమాన ఇంజిన్ల అధ్యయన మార్గాలు

ప్రత్యర్థి ఇంజిన్ గురించి తయారీదారు ప్రకటించే అశ్వశక్తి అంకెలను ఆప్తవాక్యంగా స్వీకరించడం కష్టం. అందుకే తొలినాటి విమాన ఇంజిన్ నిపుణులు ప్రత్యక్ష ప్రమాణాన్ని ఆశ్రయించారు. అయితే ఆ ప్రత్యక్షం ఒకే విధమైనది కాదని మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటన్‌లోని రెండు ఉదంతాలు తెలుపుతాయి.

1914 జూలై 4న లియాన్ వద్ద జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ పందెంలో మెర్సిడెస్ కార్లు మొదటి మూడు స్థానాలు పొందాయి. నెల తిరగకుండానే యుద్ధం మొదలైంది. ఆ కార్లలో ఒకటి అప్పటికి లండన్ షోరూమ్‌లో ఉంది. దాన్ని డెర్బీలోని రోల్స్‌రాయిస్ కర్మాగారానికి చేర్చి, ఇంజిన్ విప్పి పరిశీలించారు. పందెపు కారుపై ఇంత శ్రద్ధకు కారణముంది: విడివిడి ఉక్కు సిలిండర్లు, వాటి చుట్టూ నీరు ప్రవహించడానికి వెల్డింగ్ చేసిన పలుచని ఉక్కు తొడుగులు, పైభాగాన క్యామ్‌షాఫ్ట్ అనే నిర్మాణం మెర్సిడెస్ విమాన ఇంజిన్లదే. 1915 ఫిబ్రవరిలో తొలిసారి నడిచిన రోల్స్‌రాయిస్ ఈగిల్‌లోనూ ఈ లక్షణాలు ఉన్నాయి. అంతమాత్రాన ఈగిల్‌ను నకలు అనడం అతిశయోక్తి. మెర్సిడెస్‌కు నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదానికి నాలుగు వాల్వులు. ఈగిల్‌కు పన్నెండు సిలిండర్లు, ఒక్కొక్కదానికి రెండే వాల్వులు. పాఠపరిష్కర్త ఒక ప్రతి నుండి మంచి పాఠాన్ని గ్రహించినంత మాత్రాన తక్కినదంతా ఆ ప్రతినుండే తీసుకున్నాడనలేము కదా!

విప్పి చూస్తే నిర్మాణం తెలుస్తుంది. అది ఎక్కడ, ఎప్పుడు చెడుతుందో మాత్రం తెలియదు. రెండవ ఉదంతం ఇక్కడ ముఖ్యం. నౌకాదళ విమాన విభాగంలో పనిచేసిన డబ్ల్యు. ఓ. బెంట్లీకి, ఫ్రెంచి క్లెర్జే రోటరీ ఇంజిన్లను బ్రిటన్‌లో తయారుచేస్తున్న గ్విన్ సంస్థతో సంబంధాలు చూసే బాధ్యత అప్పగించారు. ఆయన ఫ్రాన్స్‌లోని స్క్వాడ్రన్లకు వెళ్ళి పైలట్లతో, మెకానిక్‌లతో మాట్లాడాడు. రోటరీలో క్రాంక్‌షాఫ్ట్ కదలదు. ప్రొపెల్లర్‌తోపాటు సిలిండర్లే తిరుగుతాయి. గాలి తగిలే వైపు చల్లబడి వెనుక వైపు వేడెక్కడంతో సిలిండర్ గుండ్రదనం కోల్పోతుంది. ఆ సందును మూయడానికి క్లెర్జే పిస్టన్‌కు అమర్చిన పలుచని రింగు తరచుగా పాడయ్యేది. కర్మాగారంలో కొత్త ఇంజిన్‌ను ఎన్నిసార్లు విప్పినా ఈ బాధ తీవ్రత అందదు. అది రాత్రివేళ రింగులు మార్చే చేతులకు తెలిసిన విషయం.

బెంట్లీ వేడిని త్వరగా వ్యాపింపజేసే అల్యూమినియంతో సిలిండర్లు చేయించి, లోపల పోత ఇనుప గొట్టం అమర్చాడు, పిస్టన్లూ అల్యూమినియమే. కోవెంట్రీలోని హంబర్ కర్మాగారంలో రూపొందిన ఈ 150 అశ్వశక్తి ఇంజిన్ సాప్‌విత్ క్యామెల్ విమానాలకు అమరింది. తొలుత అడ్మిరాల్టీ రోటరీ అని పిలిచిన దానికి తరువాత బెంట్లీ రోటరీ అనే పేరు స్థిరపడింది.